నరికితే మొలిచిన తోట

అనగనగా గ్రీకు దేశంలో, సముద్రం మధ్యన, ఒక దీవి మీద ఒక ఊరుండేది. ఓడలో పనిచేసే రోజుల్లో మీ తాతయ్య ఆ ఊరు చూసొచ్చారు తల్లీ. ఈ కథ ఆయన నాకు చెప్పిందే. కాస్త జరుగు, నేనూ నడుం వాల్చి చెప్తాను.

ఆ దీవి ఒకప్పుడు నిప్పుకొండ. నేలంతా నల్ల బూడిద. వాన ఏడాదికి నాలుగు చినుకులు. గాలి మాత్రం మనిషినే తోసేసేంత. మనలా ద్రాక్షకి పందిరి వేస్తే ఎగిరి సముద్రంలో పడుతుంది. అందుకని వాళ్ళు తీగని నేలమీదే గుండ్రంగా చుట్టి, బుట్టలా అల్లుతారు. గుత్తులు ఆ బుట్టలో, గూట్లో గుడ్లలా దాక్కుని పెరుగుతాయి. పొద్దున్నే సముద్రం మీంచి మంచు వస్తుంది. ఆ తడే వాటికి నీళ్ళు.

ఆ ఊళ్ళో కతింగో అని ఒకావిడ, ఆవిడ కూతురు అర్గిరో. వాళ్ళకి నలభై ద్రాక్ష తీగలు. ఆ పళ్ళతో వైను చేసి బతికేవారు. వైనంటే పెద్దవాళ్ళు తాగేదిలే, నీకు కాదు.

అలా ఉండగా ఒక ఏడు కాపు సగమైంది. మరుసటి ఏడు సగంలో సగం. మూడో ఏడు నలభై తీగలూ వెతికితే ఒక్క గంప నిండలేదు.

అప్పుడు అర్గిరో మేకల ఎరువు వేసింది. లాభం లేదు. ఆ తర్వాత తాగడానికి దాచుకున్న వాన నీళ్ళు మోసుకొచ్చి పోసింది. లాభం లేదు. ఆ తర్వాత ఎండు కొమ్మలన్నీ ఏరి కత్తిరించింది. అదీ అంతే. ఊళ్ళో అందరి తోటలూ అలాగే ఉన్నాయి. ఒక్కొక్కరే పడవెక్కి వెళ్ళిపోతున్నారు. కతింగో కూడా మూటలు కట్టడం మొదలుపెట్టింది.

అర్గిరోకి మనసొప్పలేదు. తీగలు ముసలివైపోయాయేమో అనిపించి, ముసలి తీగకి ఏం చేయాలని ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఎవరికీ తెలీదు. చివరికి ఫోతినీ అని తొంభై ఏళ్ళ ముసలమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆవిడకి చూపు ఆనదు. ముసలమ్మ అర్గిరో చెయ్యి పట్టుకుని, గుర్తుచేసుకుంటూ చెప్పింది.

"నాకు ఆరేళ్ళప్పుడు మా నాన్న తీగలన్నీ గొడ్డలితో నరికేశాడమ్మా, నేలకి సమంగా. మా అమ్మ తలుపేసుకుని ఏడ్చింది. కానీ ఆయన వేళ్ళ జోలికి పోలేదు. వేరుకి ముసలితనం రాదనేవాడు. అన్నట్టే మళ్ళీ మొలిచాయి."

ఎనభై ఏళ్ళకోసారి చేసే పని కదా. చూసినవాళ్ళలో ఆ ముసలమ్మ ఒక్కతే మిగిలింది.

అర్గిరో ఒక్క పరుగున ఇంటికొచ్చి గొడ్డలి తీసింది. కతింగో వెళ్ళి తీగకి అడ్డంగా కూర్చుంది. అవి వాళ్ళ అత్తగారి అత్తగారు నాటిన తీగలు మరి.

"నరికాక మొలవకపోతే?" అంది.

"నరక్కపోయినా వెళ్ళిపోతున్నాం కదమ్మా," అంది అర్గిరో.

కతింగో కళ్ళు తుడుచుకుని లేచింది. మొదటి దెబ్బ తనే వేస్తానని గొడ్డలి అందుకుంది. సాయంత్రానికి నలభై తీగలూ పడిపోయాయి.

ఒక నెల గడిచింది. నల్ల నేల నల్లగానే ఉంది. రెండో నెలా అంతే. వీళ్ళకి మతిపోయిందని ఊరంతా చెప్పుకున్నారు. మూడో నెలలో ఒక పొద్దున అర్గిరో మోకాళ్ళ మీద కూర్చుని బూడిద ఊదుతోంది. ఊదగా ఊదగా, పిచ్చుక ముక్కంత పచ్చటి మొలక! పక్కదాని దగ్గరికి పరిగెత్తింది, అక్కడ రెండు. తల్లి అటు, కూతురు ఇటు, లెక్కపెడుతూ ఒకటే పరుగులు. మూడు మోళ్ళు మాత్రం చిగురించలేదు. తక్కినవన్నీ లేచాయి.

అప్పుడే కొండ మీంచి పెద్దగాలి లేచింది తల్లీ. ఆ లేత మొలకలు ఆగుతాయా? ఇంట్లో గంపలన్నీ తెచ్చి బోర్లించారు. చాల్లేదు. వంటగిన్నెలు బోర్లించారు. అవీ చాల్లేదు. అప్పుడు ఇద్దరూ చెరో మొలక మీద వంగి, ఒళ్ళు అడ్డం పెట్టారు. ఇంకా ఆరు మొలకలు గాల్లో ఊగుతున్నాయి. రేవులో పడవెక్కబోతున్న వాళ్ళు అది చూశారు. చూసి, మూటలు విప్పి, బిందెలూ బానలూ పట్టుకుని కొండెక్కి పరిగెత్తుకొచ్చారు. ఒక్క మొలకా పోలేదు.

ఆ తర్వాత తీగలు సాగాయి. అర్గిరో వాటిని మెల్లగా చుట్టి కొత్త బుట్టలు అల్లింది. మూడో ఏడు గుత్తులు విరగకాశాయి. వాటిని పన్నెండు రోజులు ఎండలో ఆరబెట్టి, తొట్టిలో వేసి, కాళ్ళతో తొక్కి, రసం పీపాల్లోకి పట్టారు. వీధి వీధంతా తియ్యటి వాసన.

ఆ చలికాలం ఊళ్ళోవాళ్ళందరూ గొడ్డళ్ళు తీశారు. అర్గిరో వాళ్ళని ఒక్క నిమిషం ఆగమంది. ఊళ్ళో ఉన్న పిల్లలందరినీ, చంకలో పసివాళ్ళతో సహా పిలిపించి, తోట గట్టు మీద వరసగా కూర్చోబెట్టింది.

"బాగా చూడండి," అంది. "మళ్ళీ చెప్పాల్సింది మీరే."

తీగ మొలిచె దీవిలో,
రసం పులిసె పీపాలో,
కథ చేరె కంచిలో,
నువ్వు దూరు దుప్పట్లో!