కోరయ్య మూతి, వాగు ఇసుక

గువ్వలగుట్ట అడవిలో ముసురువాగు అని ఒక వాగు ఉండేది. వానాకాలంలో పొంగి పొర్లేది. చలి మొదలయ్యేసరికి నీళ్ళన్నీ ఒక మూల మడుగులోకి చేరేవి. మిగతా వాగంతా ఇసుక మేట. ఆ అడవిలో అడవిపందులు, ముళ్ళపందులు, కణుజులనే పెద్ద జింకలు, కుందేళ్ళు, నక్కలు, ఒక ముసలి ఎలుగుబంటి ఉండేవి. నెమళ్ళు కూడా ఉండేవిగానీ వాటికి ఈ కథలో పని లేదు.

ఆ జంతువులకు ఒక ఆట పిచ్చి. దాని పేరు గుంటాట. ఇసుక మేటకు ఈ చివర గట్టి వెలక్కాయ పెట్టేవారు. ఆ చివర గుంట తవ్వేవారు. తక్కువ దెబ్బల్లో కాయను గుంటలో వేసినవాళ్ళు గెలిచినట్టు. ఎవరి పనిముట్టు వాళ్ళదే. కణుజు గిట్టతో తన్నేది. కుందేలు వెనక కాళ్ళతో ఎగరేసేది. ముళ్ళపంది తోకతో చరిచేది. అడవిపంది మూతితో కొట్టేది. కాయ పగిలితే మాత్రం ఆట నుంచి తప్పుకోవాల్సిందే. ఒకరు ఆడడం పూర్తయ్యాకే ఇంకొకరు మొదలుపెట్టాలి.

కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, ప్రతి పున్నమి మర్నాడు తెల్లవారగానే ఆట. అన్నిటిలోకీ ఫాల్గుణం ఆట పెద్దది. అందులో గెలిచినవారి కుటుంబానికి వేసవంతా మడుగు దగ్గర నీడ ఉన్న ఒడ్డు దక్కేది. ఎండలు మండేటప్పుడు ఆ ఒడ్డు విలువ ఏమిటో ఒళ్ళు కాలినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంకో ఆచారం ఉంది. కిందటి ఆట గెలిచినవారికి తర్వాతి ఆటలో తొలిదెబ్బ. అది వాళ్ళకు అడవి ఇచ్చే మర్యాద. మొదటి ఆటకు మాత్రం ఎలుగుబంటి జుంటయ్య తాత కళ్ళు మూసుకుని ఎవరిని ముట్టుకుంటే వాళ్ళే ముందు.

ఆ ఏడు కార్తీకంలో జుంటయ్య తాత చెయ్యి పోయి పోయి అడవిపంది కోరయ్య వీపు మీద పడింది. కోరయ్య ముందు ఆడాడు. గెలిచాడు. అంతకు ముందు ఏళ్ళలో కోరయ్య ఎప్పుడూ నడుమన ఆడి, నడుమనే తేలేవాడు. గెలవడం అదే మొదలు. మార్గశిరంలో మళ్ళీ గెలిచాడు. పుష్యంలో గెలిచాడు. మాఘంలో కూడా గెలిచేసరికి అడవి అడవంతా నోరు తెరిచింది.

ఇక చూడండి కోరయ్య వైభవం! తాళప్ప అనే నక్క వెంటపడింది. "అన్నా, నీది మూతి కాదు, బంగారం!" అనేది. "నువ్వు ముట్టుకుంటే కాయే గుంట వెతుక్కుంటూ పోతోంది" అనేది. పొగడ్త అంటే ఎవరికి చేదు? కోరయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. కళ్ళు మెల్లగా నెత్తికెక్కాయి.

ముందు సాధన మానేశాడు. "వచ్చినవాడికి సాధన ఎందుకు?" అన్నాడు. ఆ తర్వాత ఇంకో వింత పని చేశాడు. దుంపలు తవ్వడం మానేశాడు.

"ఇది ఆటమూతి. మట్టిలో పెడితే పాడైపోతుంది" అన్నాడు భార్య దుంపమ్మతో.

"పంది పుట్టుక పుట్టి మట్టి తవ్వనంటే ఎలాగయ్యా?" అంది దుంపమ్మ. ఆమెకు అప్పటికి పాలు తాగే పిల్లలు ఉన్నారు. పాపం, తన పొట్టకూ మొగుడి పొట్టకూ తనే తవ్వుకొచ్చేది. కోరయ్య మాత్రం మూతికి మైనం రాసుకుని పొద లోపల పడుకునేవాడు. నాకైతే ఆ మూతి మీద ఒకటి వేయాలనిపించేది. దుంపమ్మ ఓర్పు గలది కాబట్టి ఊరుకుంది.

ఫాల్గుణం వచ్చింది. అప్పటికే ఎండలు ముదిరాయి. మడుగు బాగా కుంచించుకుపోయింది. అందరి బెంగా వేసవి గురించే. ఆటకు ముందు రోజు సాయంత్రం జంతువులన్నీ మడుగు దగ్గర చేరాయి.

అప్పుడు ముళ్ళపంది సూదయ్య కోరయ్య దగ్గరికి వచ్చాడు. ఇద్దరి జాతి పేర్లలోనూ పంది ఉందని చిన్నప్పటి నుంచీ బావా, బావమరిదీ అని పిలుచుకునేవారు.

"బావా, ఒక్క మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు" అన్నాడు సూదయ్య. "ఈసారి నువ్వు ఆఖర్న ఆడి చూడరాదూ?"

"ఎందుకట?" అన్నాడు కోరయ్య.

"తెల్లవారుజామున మంచుకు ఇసుక తడిసి గట్టిగా ఉంటుంది. కాయ తిన్నగా దొర్లుతుంది. పొద్దెక్కేకొద్దీ ఇసుక పొడిబారుతుంది. ఆడినవాళ్ళ అడుగులు పడి అంతా గుంతలవుతుంది. కాయ ఎక్కడపడితే అక్కడ కూరుకుపోతుంది. మీరంతా పొడుగుకాళ్ళవాళ్ళు, మీకు తెలియదు. నా పొట్టికాళ్ళు పొట్ట దాకా దిగిపోతాయి కాబట్టి నాకు తెలుసు. నాలుగు ఆటలూ నువ్వే ముందు ఆడావు. నాలుగూ నువ్వే గెలిచావు."

"అంటే నాది గాలివాటు గెలుపు అంటావు?"

"అలా అనలేదు బావా. నీకు నేర్పు లేదనీ అనలేదు. ఆ గెలుపులో నీ మూతి వాటా ఎంతో, తడి ఇసుక వాటా ఎంతో మనం విడిగా చూడలేదు. అంతే. నాకైనా అంతే."

కోరయ్యకు లోపల ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. నడుమన ఆడిన పాత ఏళ్ళు ఒక్కసారి కళ్ళ ముందు మెదిలాయి. నిజమేనేమో అనిపించింది. ఆ మాట అక్కడితో మింగి, సరే చూద్దాంలే అని ఉంటే ఈ కథ ఇంతటితో అయిపోయేది.

కానీ పక్కనే తాళప్ప ఉన్నాడాయె! "ఆడలేక మద్దెల ఓడు అన్నాడట, నీలాంటివాడే!" అని సూదయ్యను వెక్కిరించాడు. జంతువులు నవ్వాయి. ఆ నవ్వులో కోరయ్యకు ధైర్యం వచ్చింది. ధైర్యం అంటే ధైర్యం కాదు, పొగరు.

"ఆఖర్నే ఆడతా!" అని అరిచాడు. "ఆఖర్న ఆడి గెలుస్తా. గెలవకపోతే నేనూ నా కుటుంబమూ తొలకరి పడేదాకా ఈ మడుగులో కాలు పెట్టం. ఇదే నా పందెం!"

నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"అయ్యో, నీ నోరు పడిపోనూ!" అంది దుంపమ్మ. "పసిపిల్లలయ్యా! మడుగు కాకపోతే రెండు గుట్టల అవతల రాతివాగే గతి. ఎండలో పిల్లలు అంత దూరం నడవగలరా? దారిలోనే సొమ్మసిల్లిపోతారు. వద్దని చెప్పు. ఇప్పుడైనా వెనక్కి తీసుకో!"

 పిల్లల మాట కోరయ్యకు అప్పటిదాకా తట్టనేలేదు. కానీ అడవంతా చూస్తోంది. తాళప్ప అప్పటికే "శభాష్ అన్నా!" అంటున్నాడు.

"నేను ఓడితే కదా!" అన్నాడు కోరయ్య.

జుంటయ్య తాత తల ఊపాడు. "మాట అడవి చెవిన పడింది నాయనా. ఇక నీ చేతిలో లేదు" అన్నాడు.

మర్నాడు తెల్లవారింది. కోరయ్య తొలిదెబ్బ వదులుకున్నాడు కాబట్టి జుంటయ్య తాత మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆయన చెయ్యి ఈసారి కుందేలు మీద పడింది. అందరూ పకపకా నవ్వారు. ఎందుకంటే గుంటాటలో కుందేలుది ఎప్పుడూ కడపటి స్థానమే.

కుందేలు వణుక్కుంటూ కాయను ఎగరేసింది. కాయ తడి ఇసుక మీద పడి జర్రున దొర్లింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ దొర్లింది. చూస్తుండగానే గుంటలో పడింది. కుందేలు తన జన్మలో అంత బాగా ఆడలేదు. మాఘంలో కోరయ్యకు ఎన్ని దెబ్బలు పట్టాయో దానికీ అన్నే పట్టాయి.

కోరయ్యకు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. కుందేలు వంకా చూశాడు, ఇసుక వంకా చూశాడు. ముందు రోజు బావమరిది చెప్పిందేమిటో అప్పుడు పూర్తిగా అర్థమైంది. అర్థమై ఏం లాభం? పందెం కాసేశాడు.

తర్వాత కణుజులు ఆడాయి. ఇసుక పొడిబారింది. కణుజుల గిట్టలకు వాగు దున్నిన చేనులా తయారైంది. పొద్దు బాగా పైకొచ్చాక సూదయ్య వంతు వచ్చింది.

సూదయ్య కాయను దొర్లించలేదు. తోకను కాయ కిందికి దూర్చి పైకి చరిచాడు. కాయ గాలిలో లేచి ముందుకు పడింది. పడిన చోటే ఆగింది. మళ్ళీ చరిచాడు. కొంచెం కొంచెంగా, ఓపికగా, గుంట దాకా తీసుకుపోయి అందులో వేశాడు. చలికాలమంతా పొడి ఇసుకలో, మిట్టమధ్యాహ్నం ఆడుకుని నేర్చుకున్న విద్య అది. కుందేలు కన్నా ఒక దెబ్బ తక్కువే పట్టింది. జంతువులు ఈలలు వేశాయి.

ఆఖర్న కోరయ్య వచ్చాడు. ఎండ నెత్తి మాడుస్తోంది. దుంపమ్మ పిల్లల్ని పొట్ట కింద దాచుకుని గట్టు మీద నిలబడింది.  

మొదటి దెబ్బ కొట్టాడు. కాయ రెండు బారలు పోయి ఇసుకలో కూరుకుపోయింది. రెండో దెబ్బకు ఇంకాస్త లోపలికి దిగింది. కాయను కింది నుంచి ఎత్తాలి. ఆ పని పందికి పుట్టుకతో వచ్చినదే. దుంపను నేలలోంచి ఎత్తేది అలాగే కదా! కానీ నెల రోజులుగా మట్టి ముట్టని మూతి అది. మెత్తబడిపోయింది. ఇసుక తగిలితేనే చురుక్కుమంది.

కోరయ్యకు కంగారు పుట్టింది. గట్టు మీద పిల్లలు కనిపిస్తున్నారు. ఇంకేం ఆలోచించలేదు. ఉన్న బలమంతా పెట్టి ఒక్క దెబ్బ కొట్టాడు.

ఠాప్‌మని కాయ పగిలింది. గుజ్జు మూతి నిండా చిందింది.

 ముందుగా లేచింది ఎవరనుకున్నారు? తాళప్పే! పరుగు పరుగున సూదయ్య దగ్గరికి పోయాడు. "సూదన్నా, నీది తోక కాదు, బంగారం!" అన్నాడు.

సూదయ్య ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. తాళప్ప నాలుగడుగులు వెనక్కి గెంతాడు.

"ఆగవయ్యా!" అన్నాడు సూదయ్య. "నేను గెలిచింది ఒక్క ఆట. కలిసొచ్చే కాలానికి నడిచొచ్చే కొడుకు పుడతాడంటారు. ఇదీ అలాంటిదేనేమో ఎవరికి తెలుసు? ఇక మీదట గెలిచినవాడు తర్వాతి ఆటలో ఆఖర్న ఆడాలి. ముందుగా నన్నే అలా ఆఖర్న ఆడించండి. అప్పుడు తెలుస్తుంది, ఇది తోకదో కాదో."

జుంటయ్య తాత సరేనన్నాడు. అడవంతా సరేనంది. ఆచారం ఆ పూటే మారింది.

తర్వాత సూదయ్య దుంపమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నీడ ఒడ్డు నాకు వచ్చింది. ఆ ఒడ్డు నాది కాబట్టి ఎవరిని రానివ్వాలో నా ఇష్టం. నువ్వూ పిల్లలూ వచ్చి మా పక్కన ఉండండి. పందెం వేసిన నోరు ఒక్కటే. మీ నోళ్ళు కాదుగా" అన్నాడు. జుంటయ్య తాత దానికీ సరేనన్నాడు.

దుంపమ్మకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కోరయ్య కూడా వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "నన్ను మాత్రం రమ్మనకు బావమరిదీ" అన్నాడు. "అన్న మాట నేను నిలబెట్టుకుంటాను. పిల్లల్ని చూసుకో, అదే పదివేలు."

అలా వేసవంతా కోరయ్య ఒక్కడే రెండు గుట్టల అవతల రాతివాగుకు పోయి నీళ్ళు తాగాడు. పోయేటప్పుడు కాళ్ళు కాలేవి. వచ్చేటప్పుడు మళ్ళీ దాహమేసేది. నీడ ఒడ్డున పిల్లలు బురదలో పొర్లాడుతుంటే దూరంగా గట్టు మీద నిలబడి చూసేవాడు. వాళ్ళు "నాన్నా, రా!" అని పిలిచేవారు. వెళ్ళాలని ప్రాణం కొట్టుకునేది. వెళ్ళలేదు.

రాతివాగు దగ్గర కూడా ఇసుక ఉంది. ఒక రోజు దారిలో వెలక్కాయ కనిపిస్తే కోరయ్య దాన్ని ఆ ఇసుకలో పెట్టి కొట్టాడు. కూరుకుపోయింది. ఎత్తి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కూరుకుపోయింది. మర్నాడు కూడా కొట్టాడు. శభాష్ అనడానికి అక్కడ ఎవరూ లేరు. దుంపలు కూడా తనే తవ్వుకున్నాడు. మూతి మళ్ళీ మొరటుబారింది.

తొలకరి పడింది. కోరయ్య చిక్కి సగమై ఇంటికి వచ్చాడు. పిల్లలు మీద పడి ఎక్కితొక్కారు. వాళ్ళ గోల సద్దుమణిగాక దుంపమ్మ అడిగింది.

"ఇంతకీ చెప్పు. నువ్వు గెలిచిన ఆ నాలుగు ఆటలూ నేర్పేనా, అదృష్టమా?"

కోరయ్య ఒక దుంపను నేలలోంచి ఎత్తి ఆమె ముందు పెట్టాడు.

"అప్పుడు అదృష్టమే ఎక్కువ. నేర్పు అనుకుని, ఉన్న కాస్తా పోగొట్టుకున్నాను" అన్నాడు. "ఇప్పుడు కొంచెం వచ్చినట్టుంది. ఎంత వచ్చిందో నేను చెప్పకూడదు. కార్తీకంలో ఇసుక పొడిబారాక ఆడతాను, నువ్వే చూసి చెప్పు."

నీతి: కాలం కలిసొచ్చి గెలిచిన గెలుపును తన గొప్ప అనుకునేవాడు ఉన్న నేర్పు కూడా పోగొట్టుకుంటాడు, కష్టమైన చోట నిలబడి తనను తాను పరీక్షించుకునేవాడికే నేర్పు నిలుస్తుంది.