కెజియా తాగిన మొదటి టీ

కూర్మారావు మాస్టారిని ఏదైనా అడిగితే తిన్నగా జవాబు చెప్పే అలవాటు ఆయనకి లేదు. "ముందు టీ తాగండి" అంటారు. ఆయన కాలేజీలో తర్కశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. మర్రిపాలెంలో వాళ్లింటి వరండాలో ఆదివారం పొద్దున్నే నలుగురూ చేరి, ఏదో ఒక పుస్తకం చదివి వాదించుకుంటారు. తర్కం చెప్పిన మనిషి కదా, నోరు తెరిస్తే మట్టి కరిపిస్తారేమోనని కొత్తవాళ్లు బెదురుతూ వస్తారు. ఆయన టీ ఇచ్చి కూర్చోబెడతారు, అంతే.

ఏడాదిగా ఆ వరండాకి వస్తున్న కెజియా మాత్రం టీ ముట్టేది కాదు. ఆమె చిన్నప్పటినుంచీ మోర్మన్ అనే క్రైస్తవ సంఘంలో పెరిగింది. అక్కడ టీ కాఫీలు నిషేధం. సంఘం మానేసి ఏడాదైనా, టీ తనకే ఇష్టం లేదో, వద్దన్నారు గనక వద్దో ఆమెకే అంతు చిక్కలేదు. అదొక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. కర్టెన్ గుడ్డ ఏ రంగుది కొనాలన్నా ఎవరో ఒకరు ఊఁ అంటే గాని ఆమెకి చెయ్యి ముందుకి రాదు. సంఘంలో ఉన్నప్పుడు సందేహం వస్తే ప్రార్థన చేసుకోమనేవారు. గుండెల్లో వెచ్చగా అనిపిస్తే అదే నిజమనేవారు. ఇప్పుడు వెచ్చగా అనిపించినా అనుమానమే, అనిపించకపోయినా అనుమానమే. పోనీ అక్కడి వాళ్లు చెడ్డవాళ్లా అంటే, ఒక్కరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అందుకే ఆమెకి మరీ తికమక.

ఆ ఆదివారం ఆమె అందరికన్నా ముందొచ్చింది. కూతురు తబితకి వచ్చే నెల ఎనిమిదేళ్లు నిండుతాయి. ఆ వయసుకి పిల్లలకి మంచీచెడూ తెలుస్తాయని సంఘం నమ్మకం. అప్పుడే బాప్తిస్మం ఇస్తారు. ముప్పై దాటిన తనకే తెలియనిది ఆ పిల్లకెలా తెలుస్తుందని కెజియా మథనపడుతోంది. ఇంకా సంఘంలోనే ఉన్న తల్లి అప్పుడే మనవరాలి గౌనుకి తెల్లగుడ్డ తెచ్చిపెట్టింది. భర్తని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఈ లోకంలో కెజియాకి అన్నిటికన్నా భయం వేసే మాట అదే. తబిత కూడా అన్నం తింటూ, "అమ్మా, నేను తీసుకోనా, వద్దా?" అని అడిగింది. "ముందు తిను" అని కసిరింది కెజియా.

ఇదంతా ఒక్క గుక్కలో చెప్పేసి, "ఇప్పించనా, మాననా మాస్టారూ? మీరు ఏదంటే అదే. మీరు చెప్పారంటే నాకు కొండంత ధైర్యం" అంది.

"ముందు టీ తాగమ్మా."

ఈసారి ఆమె కాదనలేదు. కాదంటే జవాబు రాదేమోనని భయం. మాస్టారి భార్య నారాయణమ్మగారు రెండు కప్పులు తెచ్చి చెరొకటీ అందించి లోపలికి వెళ్లారు. కెజియా ఒక గుక్క తాగింది. నోరంతా చేదు. అదే సమయానికి మాస్టారు తన కప్పు పెదవులకి ఆనించి, మొహం చిట్లించి, "ఇవాళ తీపి మరీ ఎక్కువైంది కదూ?" అన్నారు.

కెజియా గుక్క మింగింది. టీలో తీపి ఎక్కువ కావడమంటే ఇదే కాబోలు అనుకుంది. తన నాలుకకి చేదుగా తగిలిందంటే తప్పు నాలుకదే. ఎన్నడూ టీ ఎరగని నాలుక, దానికేం తెలుసు? మాస్టారికి తెలియదా?

"అవును మాస్టారూ, బాగా ఎక్కువైంది" అంది. టీ వేడికో, మాస్టారి మాటతో మాట కలిపినందుకో, గుండెల్లో వెచ్చగా కూడా అనిపించింది.

ఇంతలో నారాయణమ్మగారు గబగబా బయటికి వచ్చారు. "నా మతి మండ, కప్పులు మారిపోయాయి. షుగరున్న మనిషికి పంచదార వేసింది ఇచ్చాను. నీ దాంట్లో ఒక్క పలుకు కూడా లేదు. ఆ చేదు ఎలా మింగావు తల్లీ, చెప్పొద్దూ?"

కెజియాకి తల కొట్టేసినట్టయింది. మాస్టారు నవ్వలేదు. తన కప్పు భార్యకి ఇచ్చేశారు.

"చేదని నాకు తెలిసింది మాస్టారూ" అంది కెజియా. "అబద్ధమాడాలని కాదు. మీరన్నాక నిజంగానే తీపేమో అనుకున్నాను."

"నేనూ అబద్ధమాడలేదమ్మా. నా కప్పు తీపిగానే ఉంది."

ఆ మాట ఆమెని ఇంకా గందరగోళంలో పడేసింది. మోసం చేసినవాడు ఎవడైనా ఉంటే కోపగించుకుని బయటపడొచ్చు. ఇక్కడ ఎవరి మీద కోపగించుకోవాలి? మాస్టారి మీదా, నారాయణమ్మగారి మీదా? తల్లి మీదా? కళ్లలో నీళ్లు తిరిగాయి. కప్పు కింద పెట్టి తలెత్తింది.

"మరి తబిత సంగతి ఏం చెయ్యమంటారు?"

"ఆ పిల్ల నిన్ను అడిగిందన్నావు. అడిగి, నీ మొహంలోకి చూసిందా?"

"చూసింది. చాలాసేపు చూసింది."

"ఇప్పుడు నువ్వు నా మొహంలోకి చూస్తున్నట్టేనా?" అన్నారు మాస్టారు.