చప్పట్ల మర్నాడు

డాక్టర్ మురహరికి ఒళ్ళు మండిపోతోంది.

పది నెలల కిందట తాను బతికించిన మనిషి మళ్ళీ అదే వార్డులో పడి ఉంది. తలగడ మీంచి తల ఎత్తలేకపోతోంది. నీళ్ళు పట్టిస్తే సగం ముక్కులోంచి బయటికొచ్చాయి. కనురెప్పలు మళ్ళీ వంకాయ రంగుకి తిరిగాయి. వేళ్ళ కణుపుల మీద ఎర్రటి దద్దుర్లు.

"మాత్రలు వేసుకుంటున్నావా?"

"లేదు బాబూ," అంది నాగూర్‌బీ.

"ఎన్నాళ్ళయింది మానేసి?"

ఆమె గుర్తు చేసుకునేలోపే అతని గొంతు లేచింది. "చదువు రాకపోతే పోనీ, చెవులు కూడా లేవా నీకు? చావాలని ఉంటే ఇంటి దగ్గరే చావొచ్చుగా! ఇక్కడికెందుకొచ్చావ్?"

నాగూర్‌బీ అతని మీంచి చూపు తిప్పలేదు.

గుమ్మంలో ప్రొఫెసర్ సలోమి గారు నిలబడి ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా కీళ్ళ జబ్బులూ కండరాల జబ్బులూ చూస్తున్న మనిషి. మురహరికి ఆ విద్య నేర్పింది ఆవిడే. అందరి ముందూ చీవాట్లు పెడతారనుకున్నాడు. ఆవిడ మంచం దగ్గరికొచ్చి నాడి చూసి, "ముందు మింగనివ్వు," అన్నారు. అంతే.

ఆ మాటతో అతని కోపం ఇంకాస్త రాజుకుంది.

ఆ కోపానికి కారణం లేకపోలేదు. నాగూర్‌బీ మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే కూలి. మొహం ఎర్రబడి రెప్పలు ఉబ్బితే మిరప ఘాటు అన్నారందరూ. ఒక డాక్టరు పూతమందు రాసిచ్చాడు. తర్వాత బుట్ట ఎత్తలేకపోయింది. కింద కూర్చుంటే లేవలేకపోయింది. జడ వేసుకుందామంటే చెయ్యి తల దాకా పోలేదు. పనిదొంగవని మేస్త్రీ రావద్దన్నాడు.

నలుగురు డాక్టర్లు చూసి పంపేశాక, ఆ రెప్పల రంగునీ వేళ్ళ కణుపుల్నీ తొడల నీరసాన్నీ ఒకచోట పెట్టి చూసినవాడు మురహరి ఒక్కడే. డెర్మటోమయోసైటిస్. ఒంటిని కాపాడాల్సిన రక్షణ శక్తే దారితప్పి సొంత చర్మం మీదా కండ మీదా పడే జబ్బు. చాలా అరుదు. రక్తం పరీక్షలు చేయించాడు. కండ ముక్క తీయించి పంపాడు. దీని వెనక ఒక్కోసారి క్యాన్సరు దాక్కుంటుందని అదీ వెతికించి, లేదని తేల్చుకున్నాడు. స్టెరాయిడ్ మాత్రలు, వాటికి తోడు ఇంకో మందు మొదలుపెట్టాడు. ఆరు నెలలు తిరిగేసరికి నాగూర్‌బీ చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచింది.

ఆ కేసుని అతను డాక్టర్ల సభలో చూపించాడు. వేదిక మీద ఆమెని కూర్చోబెట్టి "లేమ్మా" అన్నాడు. లేచింది. హాలంతా చప్పట్లు. అతనికి మొదటి బహుమతి వచ్చింది.

అలాంటి మనిషి మందు మానేసి వచ్చింది!

సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించారు. ముక్కులో గొట్టం వేసి జావ పోశారు. ఒకరోజు ఉమ్మి గుటక తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే పెదాలు నీలంగా మారాయి. మురహరి రెండు రోజులు ఇంటికి పోలేదు. పళ్ళు కొరుక్కుంటూనే వైద్యం చేశాడు. చూడాల్సినవన్నీ చూసేవాడు. ఆమెతో ఒక్క మాటా మాట్లాడేవాడు కాదు.

నాలుగో వారంలో గొట్టం తీశారు. మురహరి పక్కన నిలబడి ఉండగా, సలోమి గారు మంచం అంచున కూర్చుని చెంచాతో జావ పట్టించారు. నాగూర్‌బీ మింగింది. రెండో చెంచా కూడా మింగింది. అప్పుడు అడిగారు ఆవిడ.

"మాత్రలు ఎప్పుడు ఆపావు తల్లీ?"

"చప్పట్లు కొట్టిన మర్నాడమ్మా."

మాట ఇంకా ముక్కులోంచే వస్తోంది. కానీ గొంతులో బెరుకు లేదు.

"అంతమంది డాక్టర్ల ముందు ఈ బాబే చెప్పాడు, తగ్గిపోయిందని. తగ్గినోళ్ళు మందులెందుకు మింగుతారమ్మా? ఆ మాత్రలకి నా మొహం కుండలాగా ఉబ్బింది. కూర్చుని తిని బలిసిందన్నారు మావాళ్ళు. ఎన్ని మాటలు పడ్డానో! జబ్బు పోయింది గదా అని మానేశా. నాకు చెవుల్లేవా అన్నాడు ఈ బాబు. ఉన్నాయి. విన్నాను గనకే మానేశా."

మురహరి అక్కడ నిలబడలేదు. విసురుగా డిపార్ట్‌మెంటు గదికి వెళ్ళాడు. సలోమి గారు వచ్చేసరికి బల్ల మీద రెండు కాగితాలు పరిచి ఉన్నాయి.

"చూడండి మేడమ్! పోయినసారి ఇంటికి పంపినప్పుడు ఇచ్చిన కాగితం ఇది. డాక్టరు చెప్పకుండా మందు ఆపకూడదని రాశాను. ఎర్ర సిరాతో రెండు గీతలు గీశాను. ఇవాళ రాసింది ఇదిగో. ఈసారి నాలుగు గీతలు గీశాను. ఇంకేం చెయ్యమంటారు నన్ను?"

రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి.

సలోమి గారు వాటిని చూసి గోడ దగ్గరికి వెళ్ళారు. అక్కడ మురహరి బహుమతి పత్రం అద్దాల చట్రంలో వేలాడుతోంది. దాన్ని మేకు నుంచి తీసి బల్ల మీద బోర్లించారు. వెనక అట్ట ఊడదీసి, పత్రాన్ని బయటికి లాగి, తెల్లగా ఉన్న వైపు పైకి తిప్పారు. పెన్ను తీసి ఒక మూల ఉదయిస్తున్న సూర్యుణ్ణి గీశారు. దాని కింద మాత్రకొకటి చొప్పున ఆరు సున్నాలు చుట్టారు.

"మిగతాది నువ్వు గియ్యి," అన్నారు.

"మేడమ్, అది నా..."

"గట్టి కాగితం. తొందరగా చిరగదు."

మురహరికి చెవులు వేడెక్కాయి. పెన్ను విసిరికొడదామనిపించింది. విసరలేదు. గళ్ళు గీయడం మొదలుపెట్టాడు. ఆరు సున్నాలు కొన్నాళ్ళకి అయిదు. ఇంకొన్నాళ్ళకి నాలుగు. ఒకటికి దిగేసరికి కాగితం సగం నిండింది, లెక్క ఏడాది దాటింది. ఇంత దారి ఉందని ఆమెకి ఎప్పుడైనా చెప్పాడా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎండ తగిలితే దద్దుర్లు రేగుతాయని గొడుగు బొమ్మ వేశాడు. మొదటి గడి పక్కన ఉబ్బిన మొహం, చివరి గడి పక్కన మామూలు మొహం వేశాడు. బొమ్మలు బాగా రాలేదు.

పత్రం పట్టుకుని వార్డుకి వెళ్ళాడు. అరగంట తర్వాత తిరిగొచ్చాడు.

"చెప్పాను మేడమ్. ఒకటికి మూడుసార్లు చెప్పాను. జబ్బు అణిగిందే గానీ పోలేదని చెప్పాను. మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని చెప్పాను. మొహం సంగతీ చెప్పాను, మందు తగ్గేకొద్దీ వాపు తీస్తుందని." గొంతులో కోపం ఇంకా అలాగే ఉంది. అది ఎవరి మీదో ఇప్పుడు అతనికే తెలియడం లేదు.

సలోమి గారు వేరే కాగితాలు చూసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

"ఆవిడేమంది?"

మురహరి ఆమెని ఒక్క మాటా మాట్లాడనివ్వలేదు.

మళ్ళీ వార్డుకి నడిచాడు. నాగూర్‌బీ పత్రాన్ని ఒళ్ళో పెట్టుకుని సున్నాల మీద వేలు ఆనించి చూస్తోంది. అతన్ని చూడగానే మొహం గోడ వైపు తిప్పుకుంది.

మురహరి స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. ఈసారి తను నోరు విప్పలేదు. ఆమె ఇటు తిరిగేదాకా అలాగే కూర్చున్నాడు.