గంప కింద ఎవరు

మాబున్ని కూతురు తస్లీమ్ బడి మానేసి ఇంట్లో కూర్చుంది. తరగతిలో ముగ్గురు ఆడపిల్లలు ఆ పిల్ల జడను కత్తెరతో సగానికి కోసేశారు. "గొడవ చల్లారేదాకా పాపను ఇంట్లోనే పెట్టుకోండమ్మా" అన్నాడు హెడ్మాస్టరు. మాబున్నికీ అదే మంచిదనిపించింది. ఇంట్లో ఉంటే ఎవరూ చెయ్యి వేయరు కదా.

జడ కోసిన ముగ్గురూ రోజూ బడికి పోతున్నారు. తస్లీమ్ మాత్రం ఇప్పుడు వాకిట్లోకి కూడా రావడం లేదు.

మాబున్ని కొండ కింది దర్గాలో కాశింపీరా తాతకు శిష్యురాలు. దర్గా ఊడ్చి, మొక్కుబడి కోళ్లకు మేత వేయడం ఆమె పని. అక్కడ మొక్కు కోడిని కోయరు, వాకిట్లో వదిలేస్తారు. కొత్తగా వచ్చిన దానికి పాతవాటి పోట్లు తప్పవు.

"తాతా, బిడ్డ భయం పోయేదానికి ఒక తాయెత్తు కట్టు" అని అడిగింది ఒక రోజు.

తాత వాకిట్లో బోర్లించిన గంప వైపు చూశాడు.

"దాని కింద ఎవరు?"

"పోయిన వారం వచ్చిన బూడిదపెట్ట తాతా. ఎర్రది దాని వీపున ఈకలన్నీ పీకేసింది. నెత్తురు చూసి మిగతావీ ఎగబడినాయి. అందుకే నేనే మూసిపెట్టినా. నూకలు, నీళ్లు లోపలికే పెడతాండా."

"మరి ఎర్రది?"

"అదిగో. దర్గా పెత్తనమంతా తనదే అన్నట్టు తిరుగుతాంది."

తాత నవ్వాడు. చేతికర్ర పక్కన పెట్టి ఎర్రపెట్ట వెంట పడ్డాడు. ముసలి ప్రాణం. అది ఆయన్ని సమాధి చుట్టూ తిప్పింది. తలపాగా జారి కింద పడింది. చివరికి రెక్కలు దొరకబుచ్చుకుని, బూడిదపెట్ట మీది గంప ఎత్తి, కాస్త అవతల ఎర్రదాని మీద బోర్లించాడు.

"పొడిచినదానికి వాకిలంతా, పొడిపించుకున్నదానికి గంపా, తల్లీ?"

మాబున్ని కింద పడిన తలపాగా తీసి దుమ్ము దులిపింది.

తాత వేపనూనెలో దీపం మసి కలిపి బూడిదపెట్ట వీపున పూశాడు. పుండు ఎరుపు కనపడకుండా పోయింది. తర్వాత ఎర్రదాని గంప కిందికి కూడా గుప్పెడు నూకలు తోశాడు.

"దానికెందుకు తాతా?"

"దానికీ ఆకలే. నాలుగు దినాలు ఒంటరిగా తింటే తెలిసొస్తుంది."

బూడిదపెట్ట మాత్రం కదల్లేదు. మీద గంప లేదు. గంప అంచు పడిన గుండ్రటి గీత ఒక్కటే నేల మీద మిగిలింది. ఆ గీత మధ్యలోనే ముడుచుకుని కూర్చుంది.

మాబున్ని దాన్ని వెనకనుంచి తోయబోయింది. తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. గంప వేసింది మనమే. అది బయటికొచ్చేదాకా కూర్చోవలసిందీ మనమే."

ఇద్దరూ మట్టిలో కూర్చున్నారు. ఎండ ఎక్కింది. మొక్కులకు వచ్చినవాళ్లు తాతను అలా చూసి ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. పచ్చజెండా గాలికి కొట్టుకునే చప్పుడొక్కటే వినిపిస్తోంది.

చాలాసేపటికి బూడిదపెట్ట మెడ చాచింది. ఒక కాలు గీత అవతల పెట్టింది. ఆగింది.

రంజాన్ నెలవంక కోసం చూసినట్టు చూస్తూ ఉండిపోయింది మాబున్ని. ఊపిరి తీస్తే ఎక్కడ వెనక్కి పోతుందోనని తీయలేదు.

బూడిదపెట్ట రెండో కాలు కూడా పెట్టింది. మట్టి గీరి, గింజ ఏదో ఏరుకుంది.

మాబున్ని కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"బడికి పోయొస్తా తాతా. హెడ్మాస్టరుతో మాట్లాడాల."

"ఒక్కదానివే పోవద్దు" అన్నాడు తాత. "బిడ్డ తానే గడప దాటేదాకా పక్కన కూర్చుని, ఎంటబెట్టుకుని పో. గంప ఎవరి మీద వేస్తారో బిడ్డ కూడా చూడాల."