గూటికి దారి

కోదండపాణి మాస్టారికి ఒక అలవాటుంది. అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పరు. "చూద్దాంలే" అంటారు, ఆ చూడడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. మదనపల్లెలో పక్షిమిత్రుల సంఘం ఆయన పెంచి పెద్ద చేసిందే. నెలకో ఆదివారం గ్రంథాలయం హాల్లో సంఘం వాళ్ళెవరో ఒకరు పిట్టల గురించీ కొండల గురించీ మాట్లాడతారు, ఊళ్ళో ఎవరైనా వచ్చి వినొచ్చు. మాట్లాడేవాళ్ళను సభకు పరిచయం చేసేది ఎప్పుడూ మాస్టారే. ఆ వేదికకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: సభలో అడిగిన ఏ ప్రశ్ననూ దాటవేసి కిందికి దిగకూడదు.

శిష్యురాలు వకుళ ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "మాస్టారూ, నా తరవాత సంఘంలో చేరినవాళ్ళు కూడా మాట్లాడేశారు. నేనెప్పటికి తగినదాన్నవుతాను?"

"వచ్చే ఆదివారం మాట్లాడు, చూద్దాంలే," అన్నారాయన.

వకుళకు కాళ్ళు నేల మీద నిలవలేదు. బైనాక్యులర్ మెడలో వేసుకుని గుట్టలు పట్టుకు తిరిగే కోడలని వీధి వీధంతా నవ్వుకున్న సంగతి ఆమె మరిచిపోలేదు. ఇప్పుడు ఆ వీధే వచ్చి కూర్చుని వింటుంది. చెప్పడానికి సరుకు కూడా ఉంది. పాడుబడిన ఒక రాతి క్వారీలో, బండ చరియ మీద, తలపై కొమ్ముల్లాంటి ఈకలున్న పెద్ద గుడ్లగూబ ఒకటి గుడ్లు పొదిగి పిల్లల్ని చేసింది. చలికాలం నుంచీ వకుళ దాన్ని చూస్తోంది. ఒంటరిగా పంపడం ఇష్టంలేక అత్తగారు వెంగమ్మ ఒకసారి వెంట వెళ్ళింది. దాని మొహం చూస్తే దరిద్రమని దారి పొడుగునా సణిగిన మనిషి, తల్లి ఎలుకను చీల్చి పిల్లల నోటికి అందించడం చూసి, "పాపం, బాలింత" అని చెంగుతో కళ్ళొత్తుకుంది. ఆ తరవాత ప్రతివారం పిల్లల క్షేమం అడిగేది ఆవిడే.

ఆదివారం హాలు నిండింది. వెంగమ్మ పట్టుచీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. వకుళ తాను తీసిన ఫొటోలు చూపిస్తూ బాగా మాట్లాడింది. గుడ్లగూబ పొలాల్లో ఎలుకల్ని తిని రైతును ఎలా కాపాడుతుందో చెప్పింది, అత్తగారు గుట్టెక్కిన వైనం చెప్పి అందర్నీ నవ్వించింది. అమావాస్య పూజలకని గుడ్లగూబల్ని పట్టుకుపోయే వాళ్ళ గురించీ చెప్పింది. నిరుడు ఇదే వేదిక మీద ఒకాయన ఉత్సాహం కొద్దీ ఒక గూటి ఆనవాళ్ళు చెప్పాడు. నెల తిరక్కముందే ఆ గూడు ఖాళీ అయింది. విన్నవాళ్ళలో ఎవరు ఎవరి చెవిన వేశారో ఈనాటికీ తెలియదు.

చప్పట్లు ఆగాక చెంగల్రాయుడు లేచాడు. ఊళ్ళో అందరికంటే పెద్ద కెమెరా అతనిదే. మంచివాడే, కాస్త ఆరాటం ఎక్కువ.

"ఇంతకీ ఆ గూడు ఏ గుట్టలో ఉందమ్మా? మేమూ పోయి ఫొటో తీసుకుంటాం."

వకుళ మాస్టారి వైపు చూసింది. ఆయన తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

"చెప్పనండి," అంది. "పిల్లలు ఎగిరిపోయాక నేనే తీసుకెళ్తాను."

"చూసింటే కదా చెప్పేది," అన్నారు వెనక నుంచి ఎవరో. "ఫొటోలు ఫోన్లో ఎన్నైనా దొరుకుతాయి."

హాలంతా నవ్వింది. ఇన్నాళ్ళూ వీధిలో వినపడిన నవ్వే అది. వకుళ మొహం కందిపోయింది. గుట్ట పేరు ఒక్కటి చెబితే ఆ నవ్వు అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది గానీ ఆ పేరు చెప్పలేదు.

చెంగల్రాయుడికే జాలేసినట్టుంది. ముందు వరస వైపు తిరిగాడు. "ఏం పెద్దమ్మా, నువ్వూ పోయినావంట కదా. నువ్వన్నా చెప్పు, నీ కోడలి మాట నిలబడుతుంది."

ఇంటి పరువంటే ప్రాణం పెట్టే మనిషి వెంగమ్మ. మెల్లగా లేచింది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, హాలంతా ఒకసారి కలియజూసింది.

"చూసినా నాయనా, ఈ రెండు కండ్లతో చూసినా. అది పురిటిల్లు. దావ నేను చెప్పను, నా కోడలూ చెప్పదు."

మళ్ళీ ఎవరూ నవ్వలేదు. చెంగల్రాయుడు చేతులు జోడించి కూర్చున్నాడు. అత్తగారిని చూస్తుంటే వకుళకు ఎంత గర్వంగా అనిపించిందంటే, కాసేపు తన ఉపన్యాసం సంగతే మరిచిపోయింది.

సభ ముగిశాక, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న మాస్టారి దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మీ నియమం తప్పాను మాస్టారూ. నేను తగినదాన్నేనా, కాదా?"

మెట్ల కింద వెంగమ్మ ఆడవాళ్ళ మధ్య నిలబడి, గుడ్లగూబ పిల్లలు ఎంతెంతున్నాయో చేతులతో చూపిస్తోంది. మాస్టారు అటే చూస్తూ రెండో చెప్పు తొడుక్కున్నారు.

"వచ్చే నెల ఉపన్యాసం మీ అత్తగారిది," అన్నారు. "సభకు ఆవిణ్ణి పరిచయం చెయ్యాల్సింది నువ్వే."