పోలయ్య తాపీ

కుందనగిరి అని ఒకానొక రాజ్యం. దాన్నేలే వీరకంఠరాయలకు ఒకటే పిచ్చి: తన ముందు నిలబడ్డ ప్రతివాడూ గజగజ వణకాలి. వణికితే భక్తి, వణక్కపోతే పొగరు!

ఆయన క్షురకుడు పోలయ్యకు మాత్రం వణకడం చేతకాదు. ముప్పయ్యేళ్లుగా కూనిరాగం తీస్తూ, ఊసులాడుతూ రాజుగారి గడ్డం గీస్తున్నాడు. ఒక్క గాటు పడలేదు.

ఒకనాటి ఉదయం రాజుగారు పీట మీద కూర్చుని, పక్కనున్న ఆస్థాన పండితుడు శేషావధానిని అడిగారు. "వీడు నా ముందు ఇంత తాపీగా ఉంటాడేమయ్యా? అసలు తాపీ అంటే ఏమిటి?"

"నిర్లక్ష్యం, మహాప్రభూ! ఎవరైతే నాకేమిటన్న పొగరు!" అన్నాడు అవధాని, ఒక్క గ్రంథమైనా తిరగెయ్యకుండా.

"అయితే రేపటి నుంచి వీడు కొలువులో ఉండడు. ఇచ్చిన మాన్యం కూడా లాగేసుకోండి."

పోలయ్య ఇంటిల్లిపాదీ ఆ మాన్యం మీదే బతుకుతున్నారు. అయినా కాళ్లమీద పడలేదు. ముప్పయ్యేళ్ల పనిని పొగరంటారా, తేల్చుకునే పోతానని పంతం పట్టాడు.

"చిత్తం. పొరుగు రాజుగారి దూతలు సభలో కాచుకుని ఉన్నారు. ఈ పూటకి గీసి పోతాను ప్రభూ."

కుడి బుగ్గ నున్నగా అయిపోయింది. ఎడమ బుగ్గకు రాగానే, "అయ్యయ్యో, భయపడాలి కదూ, మరిచేపోయాను!" అన్నాడు. అంతే, కత్తి రాజుగారి కంఠం దగ్గర గడగడలాడసాగింది.

"ఒరేయ్! ఆ చెయ్యేమిట్రా?"

"భక్తి ప్రభూ! మహారాజుగారి కంఠమాయె, తలుచుకుంటే ఒళ్లు నిలవడం లేదు."

"ఆపరా, చంపేస్తావా ఏం! అవధానీ, మిగతాది నువ్వు కానియ్యి."

అవధాని కత్తి అందుకున్నాడు. ఆయన నిజంగానే వణికాడు. రాజుగారు ఒక్క ఉదుటున లేచారు. సభకు వేళయిందని బయట బాకాలు మోగుతున్నాయి. అద్దంలో చూస్తే సగమే గడ్డం.

"పోలయ్యా, నీకు పుణ్యముంటుంది, ఎప్పట్లా తాపీగా గియ్యరా బాబూ!"

"అది పొగరు కదా ప్రభూ! మాన్యం కూడా పోయె."

"నీ మాన్యం ఎక్కడికీ పోలేదు! ముందు తాపీ అంటే ఏమిటో నువ్వే చెప్పు."

"చెయ్యి తిరిగినవాడి నెమ్మది ప్రభూ. పని రానివాడికి కంగారే గానీ తాపీ ఎక్కడిది?" అంటూ పోలయ్య కూనిరాగం అందుకున్నాడు. రాగం ముగిసేలోపు గడ్డం పూర్తయింది.

నున్నని బుగ్గ తడుముకుని రాజుగారు పగలబడి నవ్వారు. వెండి పిడి కత్తి ఒకటి తెప్పించి పోలయ్యకు బహుమానమిచ్చారు. "దీంతో మొదటి క్షౌరం మా అవధానికే చెయ్యి" అన్నారు.

అవధాని పీటమీద కూర్చుని, గడ్డం పైకెత్తి, కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"నాయనా పోలయ్యా, కాస్త తాపీగా..."