మోరాగ్ వీపు

రాళ్లకింకా నాచు పట్టని కాలంలో, స్కాట్లండ్‌లో, ఏరు సముద్రంలో కలిసేచోట కిల్‌బ్రే అని ఓ చిన్న ఊరుండేది. సంతవీధిలో రాతి శిలువ ఉంది. కొండమీద కోట ఉంది. ఏటిమీద వంతెన మాత్రం లేదు.

వంతెన లేకపోతేనేం, మోరాగ్ ఉంది. మొగుణ్ణి సముద్రం తీసుకుపోయాక, మనుషుల్ని వీపున ఎక్కించుకుని ఏరు దాటించి బతికేది. పిడికెడు ఓట్స్ గింజలు పెడితే పెట్టారు, లేకపోతే లేదు. ఎవరెక్కినా ఒకటే మాట. "గట్టిగా పట్టుకో. కిందికి చూడకు. ఒడ్డు దగ్గరే."

ఊరిపెద్ద డంకన్ గుర్రంమీదే దాటేవాడు. "ఆడదాని వీపెక్కుతానా నేను?" అనేవాడు. మోరాగ్ నవ్వి ఊరుకునేది.

ఓ ఆదివారం అవతలి ఒడ్డున చర్చిలో ప్రార్థన అయింది. ఊరంతా ఇవతలికి వచ్చేసింది. అంతలో కొండల్లో కురిసిన వానకి ఏరు పొంగి, చర్చిని చుట్టేసింది. అక్కడ ముగ్గురు చిక్కుకుపోయారు. ఒక గుడ్డి అవ్వ, ఒక నిండు చూలాలు, గుర్రం బెదిరి పారిపోయిన డంకన్.

మోరాగ్ ఏట్లో దిగింది. అవ్వను తెచ్చేసరికి నీళ్లు నడుం దాకా. చూలాలిని తెచ్చేసరికి చంకల దాకా. కాసేపు కూర్చుందామనిపించింది. కూర్చుంటే మళ్లీ లేవలేనని తెలుసు. మూడోసారీ దిగింది.

"వెళ్లిపో మోరాగ్! నా బరువు నువ్వు మొయ్యలేవు," అని అరిచాడు డంకన్.

"రండి దొరా. గట్టిగా పట్టుకోండి. కిందికి చూడకండి. ఒడ్డు దగ్గరే."

నీళ్లు గొంతు దాకా వచ్చాయి. అంత చల్లటి నీళ్లలో ఆవిడ రోజూ నడిచేదని డంకన్‌కి అప్పుడే తెలిసింది. ఒడ్డున జనం చేతులు చాచారు. ఆవిడ వాణ్ణి పైకెత్తి అందించింది. ఆవిణ్ణి అందుకునేలోపే ఏరు లాక్కుపోయింది.

మూడు రోజులు వెతికారు. దొరకలేదు.

నాలుగోరోజు డంకన్ ఓ బండరాయి వీపున పెట్టుకుని ఏట్లో దిగాడు. ఒక్కొక్కరే రాయి ఎత్తుకుని వెనకాలే దిగారు. మూడేళ్లకు మూడు కమానుల వంతెన లేచింది. దాన్ని అందరూ మోరాగ్ వీపు అనే పిలిచారు.

కిల్‌బ్రేలో ఇప్పటికీ కొత్త ఊరిపెద్ద పదవి చేపట్టే రోజు వంతెన ఎక్కకూడదు. ఊళ్లో అందరికన్నా పేదరాలైన ముసలమ్మను వీపున మోస్తూ, వంతెన పక్కనే ఏట్లో నడిచి అవతలికి చేరాలి. ఆ ముసలమ్మే తడిబట్టల ఊరిపెద్ద మెడలో అధికారపు గొలుసు వేస్తుంది.